పాత యాత్రాబండికి బ్రేకులు



నేను ఖమ్మము ఖానాపురం హవేలి వాసిని. ఉద్యోగము విరమించిన బడిపంతులను. యంత్రవిద్య నేర్చినవాడను కాను. అయినను నేడు మోటారుబండి బ్రేకులను గురించి నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను. బండి నడపువారు కుర్రవారైనను, దాని మరమ్మతునకు సొమ్ము అడుగునది పెద్దలనే గదా! "ఇంత వ్యయమేల?" అని మన మడిగినచో "మీకు తెలియదులెండి" అనుట వారికి వాడుక. తెలిసి యిచ్చిన సొమ్మునకును తెలియక యిచ్చిన సొమ్మునకును భేదము కలదు. బ్రేకుల విషయమున ఆ భేదము ప్రాణములతో ముడివడియున్నది.

ఒకప్పుడు పెండ్లివారిని మోసిన పాత వ్యాన్లను, మెటాడోరు, ట్రావెలరు వంటివాటిని, కొందరు చౌకగా కొని, సీట్లు తీసివేసి, పడకలు అమర్చి, నీళ్లతొట్టియు గ్యాసుపొయ్యియు పెట్టి, యాత్రాబండ్లుగా మార్చుకొనుచున్నారు. పాశ్చాత్యులు దీనిని క్యాంపరు వ్యాను అందురు. శ్రీరామనవమికి భద్రాచలము పోవువారికి సత్రములో గది దొరకునో దొరకదో యను చింత యుండదు. ముసలివారు కాళ్లు చాపుకొని పోవచ్చును. సౌకర్యమే. మా మేనల్లుడును అట్టి పాత డీజిలు వ్యాను నొకదానిని కొనెను. దాని నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండెను.

గడచిన మాఘమాసమున మేము ఎనిమిది మందిమి, అందిద్దరు పసివారు, ఆ బండిలో బయలుదేరితిమి. కొత్తగూడెము, పాల్వంచల మీదుగా గోదావరి దాటి, భద్రాచలము చేరి, చింతూరు మీదుగా మారేడుమిల్లి అడవులకు పోతిమి. చింతూరు మండలము 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరినదేగాని, అడవియు త్రోవయు మునుపటివే. పోవునప్పుడు ఏ యిబ్బందియు కలుగలేదు. తిరుగు ప్రయాణమున శబరి యొడ్డునున్న చింతూరు వైపు ఘాటు దిగుచుండగా ముడి ఉన్ని కాలినట్లు వాసన వచ్చెను. పొయ్యి ఆర్పలేదేమోయని నేను వెనుకకు తిరిగి చూచితిని. పొయ్యి ఆరియే యున్నది. ఇంతలో మేనల్లుడు మెల్లగా, పిల్లలు వినకుండునట్లు, "మామయ్యా, బ్రేకు కిందికి దిగిపోతోంది" అనెను.

వాడు పెడలును మాటిమాటికి త్రొక్కుచు, గేరు తగ్గించుచు, చేతిబ్రేకు లాగుచు, బండిని లోయవైపు పోనీయక కొండవైపు మట్టిగట్టున కానించి నిలిపెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. చక్రములనుండి పొగ లేచుచుండెను. ఒక గంట గడచిన పిమ్మట పెడలు ఏమియు జరుగనట్లు మరల గట్టిపడెను. నన్ను భయపెట్టినది ఆ గట్టిపడుటయే. దోషము దాగియుండి, సమతలమున మంచిగా నటించి, దిగుడులో మాత్రము బయటపడునది కావున.

ఇంటికి వచ్చిన తరువాత ముగ్గురు మేస్త్రీలకు బండి చూపితిమి. ఒకరు "షూలు మార్చిన చాలు" ననిరి. ఒకరు "బూస్టరు పెద్దది వేయుద" మనిరి. మూడవవారు "డ్రమ్ములు పాతకాలపువి, ముందు చక్రములకు డిస్కులు వేసినగాని ఈ బండి నిలువ" దనిరి. మేనల్లునికి మూడవమాట నచ్చెను. సొమ్ము నన్నడిగెను. అప్పుడు నేను బ్రేకనగా నేమో నేర్చుకొనుటకు కూర్చుంటిని. నేర్చినది మీ ముందుంచుచున్నాను.

బ్రేకు బండిని ఆపునని మనమందుము. నిజమునకు అది చేయు పని వేరు. బండి పరుగులోని శక్తిని రాపిడిచే వేడిగా మార్చి, ఆ వేడిని గాలికి వదలుటయే దాని పని. అరచేతులు రుద్దుకొన్నచో వేడెక్కునట్లే యిదియు. ఎడ్లబండి గట్టు దిగునప్పుడు వెనుక చక్రమునకు కర్ర రాపాడించిన పెద్దలు మనలో నున్నారు. ఆ కర్ర కమరు వాసన వారెరుగుదురు.

ఆ వేడి యెంతయో లెక్క చూడుడు. 3,000 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా ఒక్కసారి ఆపినచో పుట్టు వేడి, లీటరున్నరకు కొంచెము తక్కువ నీటిని 30 డిగ్రీలనుండి మరగించుటకు చాలును. ఇది పెద్దది కాదు. అదే బండి 300 మీటర్ల యెత్తునుండి కేవలము బ్రేకులపైననే దిగినచో పుట్టు వేడి 30 లీటర్ల నీటిని మరగించును! పెండ్లివంటకు ఎసరు పెట్టు గుండిగలోని నీళ్లన్నియు ఆ నాలుగు డ్రమ్ములలో మరగినట్లు. ఊరిలో పదిమారులు ఆగుటకు చాలిన బ్రేకు ఘాటులో చాలకపోవుటకు కారణ మిదియే. ఆగుటకు బలము కావలెను. దిగుటకు వేడిని వెడలగొట్టు ఓపిక కావలెను. ఈ రెండు గుణములును వేరువేరని తెలిసినవాడు సగము మోసమునుండి తప్పించుకొనును.

వేగమును గురించియు నొకమాట. వేగము రెండింతలైనచో ఆగు దూరము నాలుగింత లగును. మంచి రోడ్డుపై ఒక మోస్తరు గట్టిగా బ్రేకు వేసినచో గంటకు 40 కిలోమీటర్ల వేగమున 12 మీటర్లలో ఆగు బండి, 80 వేగమున 49 మీటర్లు పోవును. డ్రైవరు చూచి కాలు మోపుటకు పట్టు ఒక్క సెకనులో పోవు 11, 22 మీటర్లు దీనికి అదనము. ఎంత ఖరీదైన బ్రేకైనను ఈ లెక్కను తుడిచివేయజాలదు.

వేడి మితిమీరినప్పుడు మూడు కీడులు కలుగును. మొదటిది, ఇనుప డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకు దూరముగా జరుగును. పెడలు మరింత లోతునకు దిగును. రెండవది, షూపై నుండు లైనింగు తన పట్టు కోల్పోవును. అప్పుడు పెడలు గట్టిగనే యుండును గాని బండి ఆగదు. మూడవది, గొట్టములలోని బ్రేకు ద్రవము మరగి ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము అదుముటకు లొంగదు, ఆవిరి లొంగును. కావున పెడలు దూదిపై కాలు మోపినట్లు మెత్తబడును. చల్లారినచో బుడగలు మాయమై పెడలు మరల గట్టిపడును. మాకు జరిగినది ముఖ్యముగా ఈ మూడవ కీడే. ఏ వేడియు లేకుండ, బండి నిలిచియుండగనే త్రొక్కిపట్టిన పెడలు మెల్లమెల్లగా క్రుంగిపోయినచో, అది వేరు రోగము; మాస్టరు సిలిండరు రబ్బరు చెడుటయో, ఎచ్చటనో కారుటయో యని యెరుగునది. రోగ మేదియో తెలియక మందు కొనరాదు గదా.

ఇక ఆ ద్రవము సంగతి. బ్రేకు ద్రవము వానకాలపు ఉప్పువలె గాలిలోని తేమను పీల్చుకొనును. డబ్బాపై డాట్ 3, డాట్ 4 అని వ్రాసియుండును. క్రొత్తదైనప్పుడు డాట్ 3 కనీసము 205 డిగ్రీలవరకు, డాట్ 4 కనీసము 230 డిగ్రీలవరకు మరగదు. తేమ చేరిన పిమ్మట ఆ హద్దులు 140, 155 డిగ్రీలకు పడిపోవును. మా బండిలోని ద్రవము నల్లని కషాయమువలె నుండెను. ఎన్నేండ్లదో యెవరికిని తెలియదు. రెండేండ్ల కొకసారి దీనిని పూర్తిగా మార్చవలెను. మూత తీసి చాలకాలముంచిన డబ్బాలోనిది పోయరాదు. డాట్ 5 అను సిలికోను ద్రవము వేరు జాతి. దానిని వీనితో కలుపరాదు. చూడుడు, బ్రేకుల బాగుచేతలో అన్నిటికంటె చౌకైనది యిదియే, మమ్ములను లోయవరకు తీసికొనిపోయినదియు నిదియే.

ఇప్పుడు డిస్కుల మాట. డిస్కు బ్రేకు క్రొత్త వింత కాదు. ఇంగ్లండులో లాంఛెస్టరు అను నాతడు 1902లోనే దానికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సులోని లెమాన్సు పందెమున డిస్కులు గల జాగ్వారు కార్లు గెలిచిన పిమ్మట దానికి లోకమున ప్రసిద్ధి కలిగెను. దాని సుగుణములు నిజమైనవి. డిస్కు గాలిలో తెరపియై యుండుటచే వేగముగా చల్లారును. వేడికి ఉబ్బినను ప్యాడు వైపునకే ఉబ్బును గాని దూరము జరుగదు. తడిసినను త్వరగా ఆరును. ఘాటులకు డిస్కు మేలనుట అబద్ధము కాదు.

అయితే డ్రమ్మునకు ఒక దొంగబలము కలదు. అందలి ముందు షూ, డ్రమ్ము తిరుగు దిక్కుననే లాగబడి, తనంత తానే మరింత గట్టిగా అదుముకొనును. డిస్కునకు ఈ సాయము లేదు. కావున కాలిబలము ఎక్కువ కావలెను. దానికి బూస్టరు కావలెను. బూస్టరు పని చేయుటకు గాలి లేని చోటు, అనగా వాక్యూము, కావలెను. పెట్రోలు ఇంజను దానిని తానే కల్పించును. డీజిలు ఇంజనుకు అది చేతకాదు. వేరుగా పంపు ఉండవలెను. ఆ పంపు బలహీనమైయుండగా పెద్ద బూస్టరు బిగించుట, ఎండిన బావికి పెద్ద మోట కట్టినట్లు. రెండవ మేస్త్రీగారి సలహా కొఱత యిచ్చట తెలిసినది. మా పంపునుండి బూస్టరుకు పోవు రబ్బరు గొట్టమే పగిలియుండెను.

డిస్కు వేసిన తోడనే తక్కినవియు మారవలెను. మాస్టరు సిలిండరు వ్యాసము సరిపోవలెను: పెద్దదైనచో పెడలు బండబారును, చిన్నదైనచో పెడలు చాల లోతునకు పోవును. డ్రమ్ముల కొఱకు గొట్టములలో కొంత ఒత్తిడిని నిలిపియుంచు కవాటము పాత బండ్లలో నుండును. అది డిస్కు వైపున నుండిపోయినచో ప్యాడులు ఎల్లప్పుడు రాచుకొనుచు వేడెక్కును. కాలిపరు అను పట్టుకారు పాత చక్రములోపల ఇముడవలెను. హబ్బు, బేరింగులు ఆ బరువునకు తగినవై యుండవలెను. వీటన్నిటికంటె ముఖ్యమైనది ముందు వెనుకల సమతూకము. బ్రేకు వేసినప్పుడు బరువు ముందునకు వాలును. వెనుక చక్రములు తేలికపడును. వెనుకవి ముందుగా బిగిసినచో బండి తోక తిప్పి అడ్డముగా నిలుచును. తడిరోడ్డుపై అది ప్రాణాంతకము. కొన్ని వ్యాన్లలో వెనుక ఇరుసునకు కమ్మితో కూడిన ఒక కవాటముండి, బరువునుబట్టి వెనుక బ్రేకును హెచ్చించును, తగ్గించును. యాత్రాబండిగా మార్చువారు బరువు మోయుటకు కమాన్లలో అదనపు పట్టీలు వేయింతురు. అప్పుడు బండి వెనుకభాగము క్రుంగదు. బండి ఖాళీగా నున్నదని ఆ కవాటము భ్రమపడి, నిండుబరువుననే వెనుక బ్రేకును తగ్గించివేయును. ఒకచోట చేసిన మేలు మరియొకచోట కీడైనది. మా బండిలో సరిగా నిదియే జరిగినది. మా బండికి ముందు లైనింగు వేసిన ఒక దుకాణమువారు ఎడమ చక్రమునకు ఒక రకము, కుడి చక్రమునకు మరియొక రకము బిగించియుండిరి. అదియు అప్పుడే తెలిసెను.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయమునకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యమున దీనిని గట్టిగా చెప్పినది. బ్రేకులను గురించి 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 96వ నియమము కలదు. వ్యానును పడకల బండిగా మార్చుటకు గాని, బ్రేకుల రూపమే మార్చుటకు గాని పూనుకొనుటకు ముందే రవాణా కార్యాలయమున విచారింపవలెను. ఇది కాగితముల పట్టింపు కాదు. లెక్క చూచి, పరీక్షించి తయారుచేసిన అమరికకును, దుకాణములో కన్నులకొలతతో వెల్డింగు చేసిన కొక్కెమునకును గల భేదమే ఆ నియమముల సారము.

కావున ఎన్నుకొనుటకు నేను నిర్ణయించుకొన్న క్రమ మిది. మొదట బరువు. మిర్చిబస్తాలు తూచు లారీకాటాపై బండిని తూపించితిని. రిజిస్ట్రేషను పత్రములో చెప్పిన నిండుబరువునకంటె 300 కిలోలు హెచ్చుగా నున్నది. నీళ్లతొట్టిలో 150 లీటర్లనగా 150 కిలోలు. రెండు గ్యాసుబండలు, ఇనుప మంచము, ఇనుప అలమర తక్కినవి. ఏ బ్రేకు కొనుటకు ముందైనను చేయవలసిన బాగుచేత, ఆ బరువు దింపుటయే. దానికి కాసు ఖర్చు లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో బస్సు లోయలో పడి ఏబదిమందికి పైగా మరణించిన సంగతి మీ రెరుగుదురు. దాని కారణములు పలువిధముల చర్చింపబడినవిగాని, అందు సామర్థ్యమునకు మించి జనము ఎక్కియుండుట నిర్వివాదము.

రెండవది, ఉన్నదానిని సంపూర్ణముగా సరిచేయుట. డ్రమ్ము ఎంతవరకు అరుగవచ్చునో ఆ హద్దు సాధారణముగా డ్రమ్ముపైననే పోతపోసి యుండును. హద్దు దాటినదానిని లేతుకు పట్టించుట పొరపాటు. పలుచబడిన డ్రమ్ము మరింత త్వరగా వేడెక్కును. లైనింగులు ఒకే ఇరుసునకు రెండువైపుల ఒకే రకమువి, పేరుగల తయారీవి కొనవలెను. మన దక్షిణదేశముననే 1962లో స్థాపింపబడిన బ్రేక్స్ ఇండియా వంటి సంస్థలు బండ్ల తయారీదారులకే ఈ సరకు నిచ్చుచున్నవి. డబ్బా, ముద్ర, బిల్లు చూచి తీసికొనుడు; నకిలీకి గిరాకి యున్నచోటనే బేర మెక్కువ జరుగును. పాత లైనింగుల ధూళిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు హాని. దానిని గాలిపంపుతో ఊదనీయక తడిగుడ్డతో తుడిపింపవలెను.

ఇవి చేసిన పిమ్మటనే మూడవది, డిస్కుల ఆలోచన. అదే తయారీదారు, అదే నమూనాబండికి, హబ్బు మొదలు మాస్టరు సిలిండరు వరకు మొత్తము జతగా డిస్కులు అమర్చి అమ్మియున్నచో, ఆ జతనంతయు, అనుమతితో, వేయించుట యుక్తము. ఒకటి ఒక బండినుండి, ఒకటి మరియొక బండినుండి తెచ్చి కూర్చుట యుక్తము కాదు. మూడవ మేస్త్రీగారిని "ఆ జత మా బండికే చేసినదా?" అని యడిగితిని. ఆయన సత్యవంతుడు. "కాదు సార్, వేరేదాన్ని సర్ది పెడతాను" అనెను. అంతటితో నా నిర్ణయము జరిగిపోయెను.

క్రొత్త డ్రమ్ములు నాలుగు, ఒకే రకపు లైనింగులు, చక్రముల సిలిండర్లు, రబ్బరు గొట్టములు, వాక్యూము పంపు, డాట్ 4 ద్రవము వేయించితిమి. అదనపు కమానుపట్టీలు తీయించి, వెనుక కవాటమును సరిచేయించితిమి. తొట్టి చిన్నది చేసి, ఇనుప అలమర దింపి, బండిని మరల తూచితిమి. మేనల్లుడు కొంత చిన్నబుచ్చుకొనెను. "ఇంత పెట్టి బయటికి కనిపించేది ఒక్కటీ లేదు మామయ్యా" అనెను. "ఇంటి పునాదియు కనబడదురా" అంటిని. క్రొత్త లైనింగులు డ్రమ్మునకు ఒదుగువరకు, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, గట్టిగా త్రొక్కకుండ మెల్లగా నడిపితిమి. తరువాత ఒకనాటి ఉదయము జనసంచారము లేని తిన్నని రోడ్డుపై, పిల్లలను ఎక్కింపక, ఇసుకబస్తాలు నింపి, 40 వేగమున ఆపి చూచితిమి. బండి ఎటును లాగక తిన్నగా నిలిచెను. మరల మరల పదిమారులు ఆపితిమి. పెడలు అదే యెత్తున నుండెను.

చివరిమాట నడుపువానిని గురించి. ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే దిగవలెను. ఇంజనే మొదటి బ్రేకు. పెడలుపై నిరంతరము కాలు మోపియుంచరాదు. కొంచెముసేపు గట్టిగా త్రొక్కి వదలి చల్లారనీయవలెను. నూనె మిగులునని దిగుడులో ఇంజను ఆపుట, న్యూట్రలులో వదలుట ఆత్మహత్యతో సమానము. ఇంజను ఆగినచో రెండు మూడు త్రొక్కుడులలో బూస్టరు బలమును పోవును. వాసన వచ్చినచో ఆగవలెను. వేడెక్కిన డ్రమ్ముపై నీళ్లు చల్లరాదు, పగులును.

పెద్దలారా, రేపు మీ యింటి కుర్రవాడు వచ్చి బ్రేకులకు సొమ్మడిగినప్పుడు, కాదనకుడు. అయితే నాలుగు ప్రశ్న లడుగుడు: బండి బరువు తూచితివా? ద్రవము ఎప్పుడు మార్చితివి? రెండువైపుల ఒకే సరకేనా? ఈ జత ఈ బండికే చేసినదా? జవాబులు చెప్పినవానికి సంతోషముగా ఇండు. చెప్పలేనివానికి సొమ్మునకు ముందు బండి తాళము చెవి అడిగి పుచ్చుకొనుడు.

మేము ఈ సంవత్సరము మరల ఆ ఘాటు దిగితిమి. మట్టిగట్టుపై మా బండి ఒరసిన చోట గడ్డి మొలచియున్నది. మేనల్లుడు రెండవ గేరులో, మాట్లాడక, మెల్లగా దిగెను. పసివారు నిద్రపోవుచుండిరి.